అమెజాన్‌లో ఒక హెక్టారు అడవి పచ్చికబయలైతే మీథేన్ ఎంత?

#1 చైత్ర_నోట్స్
అందరికీ నమస్కారం. పీజీ సెమినార్ కోసం "ఉష్ణమండల దేశంలో భూ వినియోగ మార్పు, మీథేన్" అనే టాపిక్ ఇచ్చారు. నేను బ్రెజిల్ తీసుకున్నాను. అడవుల నరికివేతలో పేరుమోసిన దేశం కాబట్టి సమాచారం దండిగా దొరుకుతుందనుకున్నా. తీరా మొదలుపెట్టాక బుర్ర తిరుగుతోంది. ఆ దేశం నుంచి ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నుల మీథేన్ వెలువడుతుందట. అందులో ముప్పాతిక వంతు దాకా వ్యవసాయం, పశుపోషణ. ఆ తర్వాత చెత్త, మురుగునీరు. "భూ వినియోగ మార్పు" అన్న గడిలో చూస్తే పదో వంతు కూడా లేదు! అంత అడవి పోతుంటే ఇంతేనా? ఇక సెమినార్‌లో నేను చెప్పడానికి ఏముంది? గురువారమే ప్రెజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

#2 లెక్కలపిచ్చి
చెప్పడానికి బోలెడుంది. ఆ గడిలో ఏం వేస్తారో ముందు తెలుసుకోండి. భూ వినియోగ మార్పు కింద మీథేన్ అంటే, దేశాల ఉద్గార జాబితాల్లో ప్రధానంగా మంట ఒక్కటే. నరికిన చెట్లను తగలబెట్టినప్పుడు పొగతో పాటు వచ్చే మీథేన్. అంతటితో ఆ గడి మూసేస్తారు. మంట ఆరాక ఆ నేల మీద గడ్డి చల్లి ఆవులు తోలితే, ఆ ఆవుల మీథేన్ వ్యవసాయం గడిలోకి పోతుంది. అదే నేలను ముంచి జలాశయం కడితే, దాని మీథేన్‌కి చాలాకాలం ఏ గడీ లేదు. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో దాన్ని అనుబంధంలో పెట్టి వదిలేశారు. పూర్తి పద్ధతి 2019 సవరణలో గానీ రాలేదు.

అంటే మీరు అడుగుతున్న సంగతి ఒకటే, లెక్కరాసే చోట్లు మూడు. గడుల వారీగా కాకుండా హెక్టారు వారీగా కూడి చూడండి. రాత్రికి కూర్చుని నేనే వేసి పెడతాను.

#3 తర్కం_తాతయ్య
ఒక్క మాట. అడవి తగలబెడితే అసలు నష్టం కార్బన్ డయాక్సైడ్. హెక్టారుకు 300 టన్నుల ఎండు కలప ఉందనుకుంటే, అదంతా కాలడమో కుళ్ళడమో జరిగాక 500 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దాని ముందు మీథేన్ ఎంత? సెమినార్ పిల్లలకి మీథేన్ అంటే ఈమధ్య ఫ్యాషనైపోయింది. చైత్రా, అసలు సంగతి వదిలేసి కొసరు పట్టుకున్నావేమో చూసుకో అమ్మా.

#4 చైత్ర_నోట్స్
టాపిక్ నేను పెట్టుకోలేదు తాతగారూ, గైడ్ ఇచ్చారు :)

#5 లెక్కలపిచ్చి
ఇదిగో లెక్క. అంకెలన్నీ ఐపీసీసీ వాళ్ళు దేశాలకి ఇచ్చే సాధారణ గుణకాలే, నా సొంతం ఏమీ లేదు.

మంట: హెక్టారుకు 300 టన్నుల ఎండు పదార్థం. ఉష్ణమండల అడవిని తగలబెడితే అందులో నిజంగా కాలేది 0.36 వంతు, అంటే 108 టన్నులు. కాలిన ప్రతి కిలోకు 6.8 గ్రాముల మీథేన్. 108 టన్నులకు సుమారు 730 కిలోలు. గుండ్రంగా 700 అనుకుందాం. ఇది ఒక్కసారి వచ్చేది.

ఆవు: లాటిన్ అమెరికాలో మాంసం పశువుకు ఏడాదికి 56 కిలోల మీథేన్. హెక్టారుకు ఒక పశువు చొప్పున వేస్తున్నాను. బ్రెజిల్ సగటు ఇంతకన్నా కొంచెం ఎక్కువే. ఇది ఏటా వచ్చేది.

700ని 56తో భాగిస్తే పన్నెండున్నర. మంటతో ఒక్కసారిగా వచ్చిన మీథేన్‌ని ఒక్క ఆవు పన్నెండు, పదమూడేళ్ళలో అందుకుంటుంది. ఆపైన ఆ నేల పచ్చికబయలుగా ఉన్నంతకాలం మిగిలినదంతా ఆవుదే.

తాతయ్యగారి ప్రశ్నకు: 700 కిలోల మీథేన్ అంటే వందేళ్ళ లెక్కలో (వేడి పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 27 రెట్లు) 19 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవయ్యేళ్ళ లెక్కలో (దాదాపు 80 రెట్లు) 56 టన్నులు. 500 ముందు చిన్నదే, ఒప్పుకుంటా. కానీ ఆ 500 ఒక్కసారితో అయిపోతుంది. ఆవు ఏటా ఇంకో టన్నున్నర కలుపుతూనే ఉంటుంది. 30 ఏళ్ళకి 45 టన్నులు.

#6 మట్టిమనిషి
నేలని మర్చిపోయారు మాస్టారూ. మట్టి మీథేన్ కొలవడమే నా పని. బ్రెజిల్‌లో కాదు గానీ పద్ధతి ఎక్కడైనా ఒకటే.

పొడిగా, గుల్లగా ఉండే అడవి నేలలో మీథేన్‌ని తిని బతికే సూక్ష్మజీవులు ఉంటాయి. గాల్లోంచి మీథేన్ మట్టి రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది, అవి తినేస్తాయి. అంటే మెరక మీది అడవి నేల మీథేన్‌ని లాక్కుంటుంది. అదే నేలని పచ్చికబయలు చేస్తే కథ తిరగబడుతుంది. గిట్టల తొక్కిడికి పైపొర గట్టిపడుతుంది. చెట్లు పీల్చినంత నీరు గడ్డి పీల్చదు కాబట్టి తడి నిలుస్తుంది. బూడిద వల్ల మట్టి ఆమ్లగుణం తగ్గుతుంది. ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియారియా గడ్డి వేళ్ళు దట్టంగా పెరిగి పోషకాలు వదులుతాయి. గాలి ఆడని ఆ తడి జేబుల్లో ఈసారి మీథేన్ తయారుచేసే జీవులు బలపడతాయి. రొండోనియా రాష్ట్రంలో 1990లలోనే ఇది కొలిచి చూపించారు: అడవి నేల మీథేన్ లాక్కుంటోంది, పక్కనే ఉన్న పచ్చికబయలు ఏడాది మొత్తం మీద వదులుతోంది. 2021లో వచ్చిన ఇంకో పరిశోధనలో రొండోనియాతో పాటు పారా రాష్ట్రం మట్టిలో కూడా, పచ్చికబయళ్ళలో మీథేన్ తయారుచేసే జీవుల జోరు పెరిగినట్టు తేలింది.

ఇక ఎంత అంటారా: అడవి లాక్కునేది పోవడం, బయలు వదిలేది రావడం, రెండూ కలిపి హెక్టారుకు ఏడాదికి పది కిలోల దరిదాపు. ఆవు 56 ముందు తక్కువే. కానీ ఈ పది ఏ గడిలోనూ కనబడదు.

#7 చైత్ర_నోట్స్
నేల మీథేన్‌ని ఎలా కొలుస్తారు సార్? ఒక స్లైడ్ పెడదామని.

#8 మట్టిమనిషి
చాలా నాటు పద్ధతి. అడుగు వెడల్పున్న పీవీసీ రింగుని కొన్ని సెంటీమీటర్లు మట్టిలోకి దిగ్గొట్టి కొన్నాళ్ళు అలా వదిలేస్తాం. దిగ్గొట్టినప్పుడు తెగిన వేళ్ళు, కదిలిన మట్టి సర్దుకోవాలి. కొలిచే రోజున దాని మీద గాలి చొరబడని మూత బిగించి, మూతకున్న రబ్బరు బిరడా గుండా సిరంజితో గాలి లాగుతాం. మొదట ఒకసారి, పది నిమిషాలకి ఒకసారి, ఇరవైకి, ముప్ఫైకి. ఆ సీసాలు ల్యాబ్‌లో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌కి (వాయువుల్ని విడగొట్టి కొలిచే యంత్రం) వెళ్తాయి. నిమిషాలు గడిచేకొద్దీ మీథేన్ తగ్గుతూ పోతే నేల తింటున్నట్టు, పెరిగితే వదులుతున్నట్టు.

చిక్కల్లా ఎక్కడంటే, రింగు పక్కనుంచి బరువుగా అడుగేసినా చాలు, మట్టిలోంచి బుడగ పైకొచ్చి అంకె అమాంతం ఎగిరిపోతుంది. ఒకే బయలులో రెండు రింగులకి పొంతన ఉండదు. ఎండాకాలంలో తింటున్న నేలే వానాకాలంలో వదులుతుంది. అందుకే ఏ ఒక్క నెల కొలతో చూపించి "పచ్చికబయలు మీథేన్ తింటుంది" అనేవాళ్ళని నమ్మకండి.

#9 వెట్‌డాక్టర్
ఆవుల మాట వచ్చింది కాబట్టి దిగుతున్నాను. ఆ ఆవులెవరివో తెలుసా మీకు? మన ఒంగోలు జాతి! బ్రెజిల్ మాంసం మందలో అత్యధికం "నెలోర్" అనే తెల్ల మూపురం పశువులే. పేరు నెల్లూరుది, జాతి ఒంగోలుది. 1868లో ఇంగ్లండ్ వెళ్తున్న ఓడ ఒకటి బయ్యా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒక జంటని అక్కడ అమ్మారని వాళ్ళ చరిత్రలో రాసుకున్నారు. 1960లలో ఇంకో విడత మేలుజాతి పశువులు వెళ్ళాయి. వాటిలో "కరవది" అనే ఆబోతు ఇప్పటికీ అక్కడి వంశావళి పుస్తకాల్లో దేవుడితో సమానం. ఎండకి తట్టుకుంటుంది, పిడుదులకి ఓ పట్టాన లొంగదు, నాసిరకం గడ్డి తిని అరాయించుకుంటుంది. అమెజాన్‌లో మంద పెరగగలిగిందంటే సగం కారణం ఈ జాతి.

ఆ నాసిరకం గడ్డి దగ్గరే మీథేన్ ఉంది. మొదటి పొట్టలో పీచు పులిసినప్పుడు హైడ్రోజన్ మిగులుతుంది. దాన్ని అక్కడి జీవులు మీథేన్ చేస్తాయి, ఆవు త్రేన్పుగా వదిలేస్తుంది. వెనకనుంచి వచ్చేది నామమాత్రం, కార్టూన్లు చూసి మోసపోకండి. మేత ఎంత ముదురు పీచైతే, కిలో మాంసానికి అంత ఎక్కువ మీథేన్.

#10 ఊరికే_చూస్తున్నా
అయితే గ్లోబల్ వార్మింగ్‌లో కూడా మనోళ్ళదే పైచేయి అన్నమాట 😀

#11 వెట్‌డాక్టర్
ఆవుని అనకండి బాబూ, అది తన పని తాను చేసుకుంటోంది. తోలింది మనిషి. మందలో తలలు 23 కోట్ల పైమాటే, ఆ దేశ జనాభా 20 కోట్ల చిల్లర. పారా రాష్ట్రంలో సావో ఫెలిక్స్ దో షింగూ అనే మునిసిపాలిటీ ఉంది, దేశంలోకెల్లా పెద్ద మంద అక్కడిదే. దాదాపు 25 లక్షల పశువులు, 65 వేల మంది జనం.

#12 తర్కం_తాతయ్య
మంద మీథేన్‌ని మొత్తంగా అడవి నరికివేత ఖాతాలో వెయ్యడం నాకు మింగుడు పడటం లేదు. అక్కడ అడవి నరక్కపోయినా ఆ మాంసం తినేవాళ్ళు తినేవాళ్ళే. ఆ ఆవు బ్రెజిల్‌లోని మాతో గ్రోసో రాష్ట్రంలో కాకపోతే ఇంకోచోట పెరిగేది. ఆవు మీథేన్ మాంసానిది, నేలది కాదు.

ఇంకోటి. మీథేన్ గాల్లో ఉండేది పన్నెండేళ్ళ చిల్లర. మంద సైజు మారకపోతే పాతది పోతుంటుంది, కొత్తది వస్తుంటుంది, గాల్లో మొత్తం పెరగదు. ఏటా 27 రెట్లు వేసి కూడుకుంటూ పోవడం అన్యాయం.

#13 లెక్కలపిచ్చి
రెండోదానికి ముందు. మంద సైజు మారకపోతే మీరన్నది నిజమే. మారుతోంది కదా! 2004లో దేశం మొత్తం 20 కోట్ల 45 లక్షలు, 2012లో 21 కోట్ల 13 లక్షలు, 2023లో 23 కోట్ల 86 లక్షలు. పెరిగిన ప్రతి తలా గాల్లో మీథేన్ మట్టాన్ని పెంచుతుంది. ఆ పెరుగుదల ఎక్కువగా అమెజాన్ వైపే. ఇప్పుడు మందలో నలభై శాతం పైగా లీగల్ అమెజాన్ (చట్టం అమెజాన్ ప్రాంతంగా గుర్తించిన) రాష్ట్రాల్లోనే ఉంది. ఒకప్పుడు అక్కడ మంద అంటూ పెద్దగా లేదు.

ఈ సంవత్సరాల్ని నరికివేతతో పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్పె (బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థ) ఉపగ్రహ లెక్కల ప్రకారం అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012 నాటికి 4,571కి దిగింది. అంటే మంట గడి ఆరో వంతుకి పడిపోయింది. మంద తగ్గిందా? లేదు, 68 లక్షలు పెరిగింది. మళ్ళీ 2021లో నరికివేత 13,038, ఆ తర్వాత పడుతూ 2024లో 6,288. నా హెక్టారు లెక్క వేస్తే 2021 నరికివేత మొత్తం కాలిందనుకున్నా తొమ్మిది లక్షల టన్నుల పైచిలుకు మీథేన్, 2024ది నాలుగున్నర లక్షలు దాటదు. చైత్ర గారి "పదో వంతు కూడా లేదు" ఇక్కడినుంచే. నరకడం ఆపితే మంట గడి మర్నాడే తగ్గుతుంది. అప్పటికే బయలైపోయిన నేల మాత్రం త్రేన్పులు పెడుతూనే ఉంటుంది.

#14 మోడరేటర్
ఈమధ్యలో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. బ్రెజిల్ అధ్యక్షుల్లో ఎవరు మంచివాళ్ళు అనే చర్చకి రాజకీయాల విభాగం ఉంది. మాంసం తినాలా వద్దా అనేదానికి కూడా వేరే దారం ఉంది, అక్కడ ఆల్రెడీ నాలుగొందల పోస్టులున్నాయి, వెళ్ళి కొట్టుకోండి.

#15 వెట్‌డాక్టర్
తాతయ్యగారి మొదటి అభ్యంతరానికి నేను చెప్తాను. "ఆవు ఇంకోచోట పెరిగేది" అన్నారు. మాంసం కోసమే నరుకుతుంటే ఆ వాదన సబబే. అమెజాన్‌లో చాలాచోట్ల ఆవు మాంసం కోసం కాదు, కబ్జా కోసం. ఎవరి పేరూ లేని ప్రభుత్వ అడవిని నరికి, కాల్చి, గడ్డి చల్లి, నాలుగు పశువుల్ని వదిలితే "ఇక్కడ నేను సాగు చేసుకుంటున్నా" అని చూపించుకోవచ్చు. పట్టా వచ్చాకో, వస్తుందన్న ఆశతోనో అమ్మేస్తే, చెట్లున్న నేల కన్నా చెట్లు పోయిన నేలకే మంచి ధర. అందుకే హెక్టారుకు ఒక్క పశువైనా సరిగ్గా లేని బయళ్ళు అన్ని లక్షల హెక్టార్లు. మాంసమే లక్ష్యమైతే అంత వృథా ఎవడు చేస్తాడు? ఆ అడవి మిగిలుంటే ఆ ఆవుల్లో చాలా భాగం ఎక్కడా పుట్టేవే కావు.

చట్టం లేక కాదు. 2012 అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అటవీ ప్రాంతంలో సొంత భూమైనా 80 శాతం అడవిగానే ఉంచాలి. కబేళా కంపెనీలు కూడా 2009 తర్వాత "నరికిన నేల పశువుల్ని కొనం" అని ఒప్పందాలు చేసుకున్నాయి. అయితే వాళ్ళు చూసేది చివరి ఫామ్‌నే. దూడ పుట్టేది ఒకచోట, ఎదిగేది ఇంకోచోట, బలిసేది మూడోచోట. పుట్టినచోటు కాలిన అడవి అయినా, చివరి ఫామ్ శుభ్రంగా ఉంటే లారీ ఎక్కేస్తుంది. పారా ప్రభుత్వం ప్రతి పశువుకూ చెవి పోగు వేసి జాడ తీస్తామని 2023లో ప్రకటించింది. అది పూర్తిగా అమలైతే చిత్రం కొంత మారుతుంది.

#16 టర్బైన్
జలాశయాల సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి? లెక్కలపిచ్చి గారు రెండో పోస్టులో అని వదిలేశారు. నేను జలవిద్యుత్ రంగంలోవాణ్ణే, అయినా బాల్బీనా డ్యామ్ గురించి దాచేదేం లేదు.

అమెజాన్‌లోని మనౌస్ నగరానికి ఉత్తరాన, ఉవటుమా నది మీద 1987లో గేట్లు మూశారు. నేల దాదాపు చదును కావడంతో నీళ్ళు విచ్చలవిడిగా పరుచుకున్నాయి. అధికారిక అంకె ప్రకారం 2,360 చదరపు కిలోమీటర్లు మునిగాయి. వైమిరి-అత్రోవారి ఆదివాసుల భూములూ అందులో పోయాయి. గుట్టల తలలు వేల దీవులుగా మిగిలాయి. చాలాచోట్ల అడవిని నరక్కుండానే ముంచారు, ఎండిన మాన్లు ఇప్పటికీ నీళ్ళలోంచి నిలబడి కనిపిస్తాయి. ఇంతా చేసి స్థాపిత సామర్థ్యం 250 మెగావాట్లు.

అడుగున ఆకు, కొమ్మ, మట్టిలోని సేంద్రియ పదార్థం ఆక్సిజన్ లేకుండా కుళ్ళుతుంది. మీథేన్ నీళ్ళలో కరిగి అడుగునే నిలవుంటుంది. టర్బైన్‌కి నీళ్ళు లాగేది కిందిపొరల నుంచే. అవతలికి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, సోడా మూత తీసినట్టు గ్యాస్ ఎగిరిపోతుంది. దిగువన కుళ్ళిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. మీథేన్‌కి వాసన లేదు, అది చప్పుడు లేకుండా పోతుంది. నీటి ఉపరితలం మీద మాత్రమే కొలిస్తే ఈ దిగువ భాగం లెక్కలోకే రాదు. మనౌస్‌లోని ఇన్పా (అమెజాన్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త ఫిలిప్ ఫియర్న్‌సైడ్ ఏళ్ళ తరబడి మొత్తుకున్నది ఇదే. 2007లో బాల్బీనా దిగువన కొలిచి చూసినవాళ్ళు కూడా అక్కడ మీథేన్ భారీగా ఉందన్నారు.

ఇంకోటుంది. ఎండాకాలంలో మట్టం తగ్గగానే ఒడ్డున బురద బయటపడుతుంది, దాని మీద లేత గడ్డి మొలుస్తుంది. వానాకాలంలో అది మునిగి కుళ్ళుతుంది. మరుసటేడు మళ్ళీ అదే. చెట్లు కుళ్ళడం ఎప్పటికో అయిపోతుంది గానీ ఈ గడ్డి ఏటా కొత్తగా పుడుతూనే ఉంటుంది.

#17 లెక్కలపిచ్చి
ఐపీసీసీ 2019 గుణకం నా దగ్గర ఉంది. తేమ ఉష్ణమండలంలో ఇరవయ్యేళ్ళు దాటిన జలాశయానికి హెక్టారుకు ఏడాదికి 141 కిలోల మీథేన్, ఉపరితలం నుంచి మాత్రమే. బాల్బీనా 2,36,000 హెక్టార్లు. 33 వేల టన్నుల పైన. 27తో హెచ్చిస్తే 9 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

250 మెగావాట్లు ఏడాదంతా ఒక్క నిమిషం ఆగకుండా నడిచినా 219 కోట్ల యూనిట్లు. యూనిట్‌కి 410 గ్రాములు. గ్యాస్ ప్లాంటుతో సమానం. ఏ డ్యామూ అలా నడవదు, సగం నడిచిందనుకుంటే 820 గ్రాములు. బొగ్గు పక్కన కూర్చోబెట్టొచ్చు.

అదే గుణకంతో టోకాంటిన్స్ నది మీది టుకురుయి డ్యామ్ చూడండి. విస్తీర్ణం 2,850 చదరపు కిలోమీటర్ల దాకా, సామర్థ్యం 8,370 మెగావాట్లు. సగం నడిచినా యూనిట్‌కి 30 గ్రాములు. కాబట్టి "డ్యాములన్నీ మీథేన్ బాంబులు" అని స్లైడ్ పెట్టకండి చైత్ర గారూ. మెగావాటుకి ఎంత నేల ముంచారన్నదే ప్రశ్న.

#18 టర్బైన్
నిజం. షింగూ నది మీది బెలో మోంటే 11,233 మెగావాట్లకి ముంచింది 500 చదరపు కిలోమీటర్ల దరిదాపే. మీథేన్ వరకు బాల్బీనాతో పోలికే లేదు. నది వంపులో నీళ్ళు ఎండగట్టి అక్కడి ఆదివాసుల చేపల్ని దెబ్బతీసిన గొడవ వేరు, దానికి ఈ లెక్కల్లో చోటు లేదు.

#19 ఊరికే_చూస్తున్నా
చిన్న డౌట్. అమెజాన్ చెట్లే మీథేన్ వదుల్తాయని ఎక్కడో చదివాను. అయితే నరికితే మంచిదేగా?

#20 మట్టిమనిషి
ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని చూస్తున్నా :) సగం నిజం. ఏటా వరదకి మునిగే పల్లపు అడవుల్లో, నీళ్ళ కింది మట్టిలో తయారైన మీథేన్ వేళ్ళ గుండా ఎక్కి కాండం నుంచి బయటికి వస్తుంది. 2017లో సునీత పంగాల బృందం అమెజాన్ వరద మైదానాల్లో కొలిచి, అది చాలా పెద్ద మొత్తమని చూపించింది. చెట్టు అక్కడ గొట్టం మాత్రమే. తయారీ మట్టిలో. చెట్టు నరికినంత మాత్రాన బురద పోదు.

నరికివేత జరిగేది ఎక్కువగా మెరక అడవిలో. అక్కడ నేల మీథేన్ తింటుందని పైన చెప్పాను. 2024లో వచ్చిన పరిశోధనలో మెరక చెట్ల బెరడు మీది సూక్ష్మజీవులు కూడా గాల్లో మీథేన్‌ని తింటున్నట్టు తేలింది. కాబట్టి మెరక చెట్టు నరికితే అదీ పోయినట్టే.

ఇంకో సంగతి. విమానాల్లో గాలి నమూనాలు తీసి వేసిన అంచనా ప్రకారం అమెజాన్ ప్రాంతం నుంచి ఏటా 4 కోట్ల 60 లక్షల టన్నుల మీథేన్ వెళ్తోంది. మొదటి పోస్టులోని దేశం మొత్తం 2 కోట్లు కన్నా అది రెండింతల పైనే. కంగారు పడకండి. ఆ 4.6 కోట్లలో ఎక్కువ భాగం సహజమైన చిత్తడి నేలలది, పైగా ఆ ప్రాంతం బ్రెజిల్ సరిహద్దు దాటి పక్క దేశాల్లోకి కూడా ఉంది. దేశాల జాబితాలో మనిషి చేసింది మాత్రమే వేస్తారు. ఈ రెండు అంకెల్నీ ఒకే స్లైడ్ మీద పెట్టకండి, ప్రశ్నలకి జవాబు చెప్పలేక చస్తారు.

#21 చైత్ర_నోట్స్
పెట్టబోయాను, ఆపేశా. థాంక్స్ సార్! మంట గురించి ఇంకొంచెం చెప్పండి ఎవరైనా. 0.36 వంతే కాలుతుందన్నారు, మిగతా అంతా ఏమవుతుంది?

#22 లెక్కలపిచ్చి
వానలు తగ్గగానే నరుకుతారు, ఎండబెడతారు, ఆగస్టు, సెప్టెంబరుల్లో నిప్పు పెడతారు. ఆకు, రెమ్మ భగ్గుమని కాలిపోతాయి. ఆ మంటలో గాలి బాగా ఆడుతుంది కాబట్టి మీథేన్ తక్కువ. పెద్ద మాన్లు అలా కాలవు, రోజుల తరబడి లోలోపల రగులుతూ పొగలొస్తుంటాయి. గాలందని ఆ రగులుడులోనే మీథేన్ ఎక్కువ. అప్పటికీ పోని మొద్దుల మధ్యలోనే గడ్డి విత్తనం చల్లి పశువుల్ని వదిలేస్తారు. తర్వాతి ఏళ్ళలో గడ్డి చిగురు కోసం, కలుపు కోసం మళ్ళీ నిప్పు పెట్టినప్పుడు ఆ మొద్దులు ఇంకాస్త ఇంకాస్త కాలతాయి. నా 700లో ఈ రెండో, మూడో మంటలు లేవు, కాబట్టి అది తక్కువ వైపు అంకె. బ్రెజిల్ నట్ చెట్టుని నరకడం చట్టరీత్యా నిషేధం కాబట్టి అదొక్కటీ ఆ బయలు మధ్యలో ఒంటరిగా నిలబెడతారు. చుట్టూ వేడికి అది కూడా చాలాసార్లు చచ్చిపోయి ఎండుమానుగా మిగులుతుంది.

#23 తర్కం_తాతయ్య
సరే, ఆవుని తీసెయ్యలేరు కదా. పరిష్కారం ఏంటో డాక్టర్ గారు చెప్పాలి.

#24 వెట్‌డాక్టర్
పాడైన బయలు మీద పశువు వానాకాలంలో ఒళ్ళు చేసి ఎండాకాలంలో చిక్కిపోతుంది. అమ్మకానికి రావడానికి నాలుగేళ్ళు పడుతుంది. అదే పశువు మంచి గడ్డి, కాస్త దాణా మీద రెండున్నరేళ్ళకి తయారు. ఏడాదికి 56 చొప్పున నాలుగేళ్ళకి 224 కిలోలు, రెండున్నరేళ్ళకి 140. మోటు లెక్కే అనుకోండి, మంచి మేత మీద రోజువారీ మీథేన్ కొంచెం పెరుగుతుంది కూడా. అయినా తేడా కనిపిస్తోంది కదా. ఎంబ్రాపా (బ్రెజిల్ ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్ళు గడ్డి, పంట, చెట్లు కలిపి పెంచే పద్ధతిని చాలాకాలంగా ప్రచారం చేస్తున్నారు. పాడైన బయళ్ళని బాగుచేస్తామని 2023 డిసెంబరులో ప్రభుత్వం పదేళ్ళ కార్యక్రమం ప్రకటించింది, లక్ష్యం 4 కోట్ల హెక్టార్ల దాకా.

నా భయం ఒకటే. హెక్టారు మీద లాభం పెరిగితే ఇంకో హెక్టారు నరకాలనిపిస్తుంది. నరికివేత మీద కాపలా సడలించి గడ్డి మాత్రం బాగుచేస్తే, తలకి మీథేన్ తగ్గి తలలు పెరుగుతాయి. 2021లో గ్లాస్గోలో 2030కల్లా మీథేన్‌ని 30 శాతం తగ్గిద్దామన్న ప్రపంచ ఒప్పందం మీద బ్రెజిల్ సంతకం పెట్టింది. అప్పటినుంచి మంద తగ్గలేదు, పైన లెక్కలపిచ్చి గారి అంకెలు చూడండి.

#25 చైత్ర_నోట్స్
ఇప్పుడు నా టేబుల్ ఇలా వేస్తున్నాను, చూడండి. ఒక హెక్టారు, 30 ఏళ్ళు: మంట 700 కిలోలు, ఆవు 1,680, నేల 300. మొత్తం 2,680. ఇందులో "భూ వినియోగ మార్పు" గడిలో కనిపించేది 700, వ్యవసాయం గడిలో 1,680, ఎక్కడా కనిపించనిది 300. ఓకేనా?

#26 మట్టిమనిషి
30 తీసి 20 పెట్టండి. నేల ఒక వినియోగం నుంచి ఇంకోదానికి మారి కుదురుకోవడానికి ఐపీసీసీ తీసుకునే గడువు ఇరవయ్యేళ్ళు. 30 ఎందుకని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. నేల 200ని వేరే రంగులో వెయ్యండి, ఆవు అంకె అంత గట్టిది కాదది.

#27 చైత్ర_నోట్స్
20కి అయితే 700, 1,120, 200. మొత్తం 2,020. మంట వాటా మూడో వంతు పైన, ఆవు సగం పైన. బాల్బీనాకి వేరే స్లైడ్.

#28 తర్కం_తాతయ్య
ఆ 1,120 కింద "ఈ ఆవు ఇంకోచోట పెరిగేదన్న అభ్యంతరం ఉంది" అని చిన్న అక్షరాల్లో ఒక లైన్ రాయమ్మా. డాక్టర్ గారి జవాబు బాగుంది గానీ, ఎన్ని ఆవులు కబ్జాకి, ఎన్ని మాంసానికి అన్నది ఆయన కూడా విడగొట్టి చెప్పలేదు.

#29 చైత్ర_నోట్స్
రాస్తున్నా తాతగారూ. చిన్న అక్షరాల్లో కాదు, మామూలు సైజులోనే. మా గైడ్ మొదట అడిగేది అదే.

#30 వెట్‌డాక్టర్
కరవది ఆబోతు ఫోటో ఒకటి పెట్టండి మొదటి స్లైడ్‌లో. హాలు మొత్తం లేచి కూర్చుంటుంది.